ఆపమన్నది పనిని కాదు, బేరాన్ని

"దేవుని మీద భారం వేశాక మనం చేయాల్సింది ఏమీ లేదు" అన్న మాట సగమే ఒప్పుకుంటాను. బైబిల్‌లో కీర్తన 46:10లో 'ఊరకుండుడి' అని ఉంది, నిజమే. కానీ దానికి ముందు వచనం యుద్ధాలు మాన్పడం, విల్లు విరవడం గురించి. అక్కడ ఆపమన్నది కొట్లాటను, సేద్యాన్ని కాదు కదా! మాది అనంతపురం పక్క పల్లె, శెనక్కాయ పంట. మూడో బోరు కూడా ఎండిపోయిన ఏడు, శ్రమ దినాలు (ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజులు) 40 అయిపోయినా నేను ఉపవాసాలు ఆపలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి మోకాళ్ల ప్రార్థన, గోడమీద క్యాలెండర్‌లో రోజుకో టిక్కు. ఒకరోజు తప్పితే ఆయన అలిగిపోతాడేమోనని భయం. అది ప్రార్థన కాదు, బేరం. జూన్‌లో మా అమ్మ (ఆమెకు చదువు రాదు, బైబిల్ మేమే చదివి వినిపించాలి) చాటలో విత్తనం కాయలు ఒలుస్తా, "వాన నువ్వు కురిపిస్తావా రా? వచ్చి పుచ్చుగింజలు ఏరు" అనింది. కూర్చుని ఏరినా. ఆ రాత్రి టిక్కు పెట్టకుండానే పడుకున్నా. ఆ ఏడు కూడా వాన సరిగా పడలేదు, అది దాచను. అప్పు ఇంకా ఉంది. మూడింటికి మాత్రం మెలకువ రావడం లేదు.