లావు పైపు వేస్తే వేడి నీళ్ళు ముందొస్తాయా?

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, మా భీమవరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. గీజర్‌కి దూరంగా ఉన్న కుళాయిలోనూ క్షణంలో వేడి నీళ్ళు రావాలంటే ఏం చేయాలో చెప్పే మెసేజ్ అది. హాట్ లైన్‌కి అంగుళం పైపు వేయించండి, గీజర్ పెద్దది పెట్టండి, వేడి 75 డిగ్రీలకు పెంచండి, రోజంతా ఆన్‌లోనే ఉంచండి, పైపుకి ఫోమ్ చుట్టండి అంటుంది. చివర్లో ఒక ఓదార్పు కూడా ఉంటుంది: కాసిని నీళ్ళు పోతే పోయాయి, గోదావరి జిల్లాలో నీళ్ళకేం లోటు అని. చూసినవాళ్ళు చూసినట్టే ముందుకు తోసేస్తున్నారు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు దాన్ని మేస్త్రికి చూపించి మరీ పైపులు వేయిస్తున్నారు.

ముందు పైపు సంగతి చూద్దాం. గీజర్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. గోడలో పూడ్చి టైల్స్ అంటించిన పైపుని ఎవరు మారుస్తారు?

పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చేవి గీజర్లోని నీళ్ళు కావు. రాత్రంతా పైపులో నిలిచి చల్లారిన నీళ్ళు. అవన్నీ బయటికి పోతేగానీ వెనక ఉన్న వేడివి రావు. కాబట్టి ఎంతసేపు ఆగాలన్నది పైపులో ఎన్ని నీళ్ళు పడతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు అందరూ వేస్తున్న సీపీవీసీ (వేడి నీళ్ళను తట్టుకునే ప్లాస్టిక్) పైపుల్లో, కాస్త మందంగా ఉండే రకం తీసుకుంటే, అర అంగుళం పైపులో మీటరుకి సుమారు 0.12 లీటరు పడుతుంది. ముప్పావు అంగుళంలో 0.26, అంగుళంలో 0.43. గీజర్ నుంచి వంటింటి సింకుకి 15 మీటర్ల లైన్ ఉందనుకుందాం. అర అంగుళంలో 2 లీటర్లు కూడా ఉండవు. ముప్పావులో దాదాపు 4 లీటర్లు, అంగుళంలో ఆరున్నర. కుళాయిలో నిమిషానికి 5 లీటర్లు వస్తుంటే ఆ ఎదురుచూపు వరసగా 22, 47, 77 సెకన్లు. పైపు, మలుపుల్లో వేసే ఎల్బోలు కూడా కొంత వేడి లాక్కుంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. క్షణంలో రావడానికని వేయించిన అంగుళం పైపు, అర అంగుళం కంటే మూడున్నర రెట్లు ఆలస్యం చేస్తుందన్నమాట.

“లావు పైపైతేనే కదండీ ఫోర్సు” అంటాడు మేస్త్రి. ఆ మాటలో నిజం లేకపోలేదు. పై అంతస్తులో బాత్‌రూమ్ ఉండి, దాని నెత్తినే ట్యాంకు ఉంటే, షవర్‌కి నీటిని తోసే ఎత్తు, అంటే షవర్‌కీ ట్యాంకులో నీటి మట్టానికీ మధ్య తేడా, రెండు మూడు మీటర్లకు మించదు. అక్కడ 10 మీటర్ల పొడవునా అర అంగుళం పైపు లాగితే నిమిషానికి 6 లీటర్ల ధారకే అందులో దాదాపు మీటరు ఎత్తు పైపులో ఒరిపిడికే పోతుంది, షవర్ నీరసంగా పడుతుంది. అలాంటిచోట ముప్పావు వేయాల్సిందే. రెండు మూడు కుళాయిలకు కలిపి పోయే మెయిన్ లైన్‌కీ ముప్పావే సరి. కింది అంతస్తులో ఒక్క సింకుకి పోయే కొమ్మకి మాత్రం అర అంగుళం ధారాళంగా చాలు. అంగుళం పైపుకి మామూలు ఇంట్లో హాట్ లైన్‌లో పనే లేదు.

పెద్ద గీజర్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. 15 లీటర్ల గీజరైనా 50 లీటర్లదైనా మధ్యలో ఉన్న పైపు అదే. పెద్దదైతే ఇద్దరి స్నానం అయ్యాక మూడోవాళ్ళకీ వేడి నీళ్ళు ఉంటాయి. అంతే.

75 డిగ్రీల చిట్కా మాత్రం ఉల్టా తగులుతుంది. నీళ్ళు మరీ వేడిగా ఉంటే మిక్సర్‌ని చల్లటి వైపు ఎక్కువ తిప్పి పెట్టుకుంటాం. అంటే హాట్ లైన్‌లోంచి వచ్చే ధార సన్నబడుతుంది, పైపు ఖాళీ కావడానికి ఇంకా టైమ్ పడుతుంది. వేడి నీళ్ళు వచ్చేదాకా మిక్సర్‌ని పూర్తిగా వేడివైపే తిప్పి ఉంచి, వచ్చాక చన్నీళ్ళు కలుపుకుంటే పైసా ఖర్చు లేకుండా కొన్ని సెకన్లు మిగులుతాయి. పైగా 75 డిగ్రీల నీళ్ళు చిన్నపిల్లల చేతి మీద పడితే బొబ్బలే. భోగినాడు తలంట్ల హడావుడిలో ఆ కుళాయి దగ్గర ఎవరు కాపలా ఉంటారు?

ఇక రోజంతా ఆన్‌లో ఉంచే విషయం. నీళ్ళు కాగగానే దానంతటదే ఆగిపోయే ఆటో కట్ ఉన్న మాట నిజమే. కానీ ట్యాంకు చల్లారుతున్నకొద్దీ అది మళ్ళీ ఆన్ అవుతూనే ఉంటుంది. గీజర్ మీద అంటించిన స్టార్ లేబుల్‌లో స్టాండింగ్ లాస్ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. ఎవరూ వాడకపోయినా రోజుకి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో చెప్పేది అదే. ఇంత ఖర్చు పెట్టినా వేడిగా ఉండేది ట్యాంకే. పైపు మామూలుగానే చల్లారిపోతుంది.

ఫోమ్ చుట్టడం ఒక్కటే ఇందులో సగం నిజం. ఒకరి స్నానమైన పావుగంటకి ఇంకొకరు వెళ్తే, ఫోమ్ ఉన్న పైపులో నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా మాత్రం ఏ ఫోమూ కాపాడలేదు. టెర్రస్ మీది సోలార్ హీటర్ నుంచి దిగే పైపుకి తప్పకుండా చుట్టించండి. గోడలో వేసేదానికి గాడి పూడ్చకముందే చుట్టించాలి.

నీళ్ళకేం లోటు అన్న మాట ఎవరు రాశారో గానీ, ఆయన ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పగా లేవనుకుంటాను. సముద్రం వైపు ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు నోట పెట్టలేం. కాలువ నీటిని చెరువుల్లో నింపుకుని శుద్ధి చేసి పంపుల ద్వారా ఇస్తేనే గతి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ చెరువుల వైపు ఎలా చూస్తామో డెల్టాలో వాళ్ళకి వేరే చెప్పాలా?

నీళ్ళ సంగతి వదిలేసినా కరెంటు మాటేమిటి? మా పక్కింటి వదినగారు పొద్దున్నే పాలగిన్నె కడగడానికి సింకు దగ్గర హాట్ కుళాయి తిప్పుతారు. ధార కింద చెయ్యి పెట్టి చూసి, ఇంకా చల్లగానే ఉందని ఆ నీళ్ళతోనే తోమేస్తారు. కుళాయి కట్టేసే సరికి నీళ్ళు అప్పుడే గోరువెచ్చగా మారుతుంటాయి. అప్పటికి గీజర్లోంచి మూడు నాలుగు లీటర్ల వేడి నీళ్ళు పైపులోకి వచ్చి చేరాయి. ఆవిడ వాడింది చన్నీళ్ళు, బిల్లు వేడి నీళ్ళకి. ముప్పావు పైపులో 15 మీటర్ల నీళ్ళు 55 నుంచి 25 డిగ్రీలకు చల్లారితే సుమారు 0.14 యూనిట్ పోయినట్టు. ఇలా ఏడుసార్లయితే దగ్గర దగ్గర ఒక యూనిట్. కొబ్బరి డొక్కలతో కాచుకున్న రాగి బాయిలర్ రోజుల్లో ఈ గొడవే లేదు, బకెట్ దాని పక్కనే ఉండేది.

అలాంటి సింకుకి పెద్ద గీజర్ నుంచి లైన్ లాగడమే దండగ. సింకు దగ్గరే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టించుకోవడం మేలు. 3 కిలోవాట్లది నీళ్ళని 15 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 2.8 లీటర్లు ఇస్తుంది. మన చలికాలానికి, గిన్నెలకి అది చాలు, షవర్‌కి చాలదు. అది 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మిక్సీ ప్లగ్గులో పెట్టకండి, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల పాయింట్ వేయించండి. కొత్త ఇల్లయితే రెండు బాత్‌రూమ్‌లు వెన్నుకి వెన్ను వచ్చేలా ప్లాన్ గీయించి, గీజర్ ఆ గోడకే పెట్టించండి.

సోలార్ నుంచి కిందికి దూరం ఎక్కువై తప్పనిసరైతే, వెనక్కి వెళ్ళే రిటర్న్ లైన్, నీళ్ళని ఒకవైపుకే పోనిచ్చే చెక్ వాల్వ్, చిన్న పంపు పెట్టి పైపులో చల్లారిన నీళ్ళని మళ్ళీ ట్యాంకులోకే తిప్పుకోవచ్చు. పంపుకి బటన్ ఉండాలి. స్నానానికి వెళ్ళేముందు నొక్కాలి, వేడి రాగానే ఆగిపోవాలి. రోజంతా తిరుగుతూ ఉంటే ఎండ కాచిన నీళ్ళతో గోడల్ని వెచ్చబెట్టుకోవడమే అవుతుంది.