శిక్షణ ఘట్టాలు సాగదీత కాదండీ

సైనిక సైన్స్ ఫిక్షన్‌లో శిక్షణ అధ్యాయాలన్నీ ఉత్త సాగదీత అని వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. ఎత్తుగడ పుట్టేదే అక్కడ. 1985లో వచ్చిన 'ఎండర్స్ గేమ్' నవల చూడండి. అందులో ఎండర్ అనే పిల్లాడికి యుద్ధ శిక్షణ ఇస్తారు. బరువు తెలియని గదిలో ఆడీ ఆడీ ఆ పిల్లాడు శత్రువు ద్వారాన్నే 'కింద' అనుకుంటాడు. కాళ్లు ముందుకు పెట్టి వెళ్తే ఎదుటివాడికి గురిపెట్టేందుకు దొరికేది తక్కువ. అది గదిలో నేర్చినదే, పుస్తకంలో చదివింది కాదు.

శిక్షణలో దొంగాట ఉంటే ఎత్తుగడా అలాగే పుడుతుంది. మేం గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంప్‌లో ఉత్తుత్తి యుద్ధం పెట్టారు. సున్నం పొట్లం తగిలితే చచ్చినట్టు లెక్క. అంపైర్‌గా ఉన్న హవల్దార్ గారు ఎండకి వేపచెట్టు కింద నుంచి కదలరు. నీళ్ల ట్యాంకర్ వెనక ఏం జరిగినా ఆయనకి కనపడదని రెండో రోజుకే కనిపెట్టేశాం. ఇంకేముంది, చొక్కా మీద సున్నం దులుపుకుని చచ్చినోళ్లంతా అక్కడే లేచేవాళ్లు! మా వ్యూహమంతా ట్యాంకర్ చుట్టూనే. నిజం తూటాకి ఆ చాటు సంగతి తెలియదుగా.

నవ్వుకోవద్దు, పెద్దవాళ్లూ ఇదే చేశారు. 1942 మేలో జపాన్ నౌకాదళం, పసిఫిక్‌లోని అమెరికా స్థావరం మిడ్‌వే మీద చేయబోయే దాడిని ముందుగా బల్ల మీద ఆడి చూసుకుంది. ఆ ఆటలో మునిగిన తమ విమానవాహక నౌకను, అంపైర్‌గా ఉన్న అడ్మిరల్ ఉగాకి మళ్లీ తేల్చేశాడు. జూన్‌లో అసలు యుద్ధంలో జపాన్ విమానవాహక నౌకలు నాలుగు నిజంగానే మునిగాయి. గ్రహాంతర యుద్ధాల్లో ఇలాంటి దొంగాట శిక్షణ మీద కథ తెలుగులో ఎవరైనా రాస్తే ముందు నేనే కొంటా.