గుంట నాది, కాలవ ఎవరిది?

(ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు వేసే బావ, నెల్లూరులో ఆక్వా ల్యాబు నడిపే బామ్మర్ది. లైసెన్సు కాగితాల దగ్గర వాదన మొదలైంది.)

బావ: చెన్నైలో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, దానికి 2005లో ఒక చట్టం. నా నేలలో నేను రొయ్య వేసుకోవడానికి వాళ్ళ రిజిస్ట్రేషన్ ఎందుకురా? కొనే కంపెనీ యాంటీబయాటిక్ టెస్ట్ చేసుకునే తీసుకుంటుంది, తేడా వస్తే సరుకు వెనక్కి. అంతకంటే పెద్ద పోలీసు ఎవరు?

బామ్మర్ది: ఆ భయం ఎక్కడిది బావా? 2016లో యూరప్ వాళ్ళు మన రొయ్యల మీద తనిఖీని పది శాతం నుంచి యాభైకి పెంచారు. అది కూడా గవర్నమెంటు రూలే, కాకపోతే వాళ్ళ గవర్నమెంటుది.

బావ: మన రూలు సంగతి చెప్పు. థాయిలాండ్ వాళ్ళు ఎప్పుడో వనామీ రకం రొయ్యకి మారిపోతే మనకి 2009 దాకా పర్మిషన్ లేదు. ఆ ఏళ్ళ నష్టం ఎవరిచ్చారు?

బామ్మర్ది: ఆలస్యం చేశారు, ఒప్పుకుంటా. కానీ 1994-95లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ వైరస్ తగిలి గుంటలకి గుంటలు ఎట్టా పోయాయో నువ్వే చూశావు. అందుకే ఇప్పుడు బయటి తల్లిరొయ్యల్ని క్వారంటైన్‌లో పెట్టి, టెస్ట్ చేశాకే పిల్లల్ని పుట్టించే హేచరీకి ఇస్తున్నారు.

బావ: ఇప్పుడు వైరస్‌ని పట్టే పీసీఆర్ టెస్ట్ ఉంది, నీ ల్యాబు ఉంది. డబ్బులిస్తా, రొయ్యపిల్లని టెస్ట్ చేస్తావు, బాగుంటే వేస్తా. మధ్యలో ఆఫీసరు దేనికి?

బామ్మర్ది: నీ పిల్లని చేస్తా, పక్కోడి గుంటని ఎవరు చేస్తారు? వాడి రొయ్య గట్టు వారకి వచ్చి తేలుతుంది, వలిచి చూస్తే చిప్ప లోపల తెల్ల చుక్కలు. బ్లీచింగ్ కొట్టి నీళ్ళని ఆపి ఉంచాలి, కానీ బ్లీచింగ్‌కి డబ్బు, లీజుకి డబ్బు, అందుకని అర్ధరాత్రి తూము ఎత్తేస్తాడు, ఆ నీళ్ళు కండలేరు క్రీక్‌లో కలుస్తాయి, తెల్లారి పోటుకి నీ మోటారు అవే నీళ్ళని లాగుతుంది. ఇందులో మార్కెట్ ఎక్కడుంది?

బావ: నష్టపరిహారం కట్టిస్తా, కోర్టుకి లాగుతా.

బామ్మర్ది: ఆ వైరస్ ఎవరి గుంటదో ఎట్టా రుజువు చేస్తావు? దాని మీద సర్వే నంబరు ఉంటుందా?

(ఈ రౌండు బామ్మర్దిదే అంటాను. అయినా బావ తగ్గే రకం కాదు.)

బావ: ఆఫీసు ఉండగానే వదులుతున్నారు కదరా! లైసెన్సు షెడ్డులో తగిలించుకుని మరీ వదులుతున్నారు. ఇంక రూలు ఎవరిని ఆపింది? నాలాంటోడి చేత కాగితాలు మోయించడానికి తప్ప?

బామ్మర్ది: మరి ఆక్వా జోన్ పేరుతో కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇస్తుంటే అది గవర్నమెంటు జోక్యం కాదా? ఆ కాగితాలు మాత్రం పరిగెత్తి ఇచ్చొచ్చావే.

బావ: ఆ రాయితీ అందరికీ తీసేస్తే నేనూ పూర్తి రేటు కడతా. నాకొక్కడికి తీసేస్తే ఎట్టా? సరే, కాలవ సంగతి వదలను. ఈ క్రీక్ మీద ఉన్న రైతులం సంఘం పెట్టుకుంటాం, ఎవరు ఏ రోజు నీళ్ళు వదలాలో మేమే రాసుకుంటాం, తప్పితే జరిమానా.

బామ్మర్ది: అంటే రూలు కావాలి.

బావ: మేం రాసుకున్న రూలు కావాలి. చెన్నైలో రాసింది కాదు.

బామ్మర్ది: ప్రెసిడెంటు ఎవరు?

బావ: మా చిన్నాయన. పెద్దమనిషి.

బామ్మర్ది: పోయినేడు రాత్రికి రాత్రి తూము ఎత్తింది ఆయనే కదా. ఆ జరిమానా వసూలుకి నువ్వెళ్తావా, నన్నెళ్ళమంటావా?