అది బొమ్మ కాదు మావయ్యా, నా ఏడు నెలల చేతిపని

ఇప్పుడే న్యూస్‌పేపర్ పరుచుకుని నా రిమోట్ బండి సర్వో విప్పాను. నాలుగు సన్న స్క్రూలు. మూత తీయగానే తెల్ల గ్రీజులో మూడు గేరు పళ్ళు ఊడిపడి ఉన్నాయి. ఒక్కోటి నూక గింజంత కూడా లేదు. చూపుడువేలితో అద్దితే అంటుకుని వచ్చాయి. చాలాసేపు అలా వేలు వంక చూస్తూ కూర్చున్నాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

నిన్న నేను నైట్ డ్యూటీకి వెళ్ళాక మావయ్యావాళ్ళు వచ్చారు, మనవణ్ణి తీసుకుని. వాడికి ఆరేళ్ళు. అల్మారా పై అరలో ఉన్న నా క్రాలర్, అదే, రాళ్ళెక్కే చిన్న రిమోట్ బండి కనబడింది, కావాలన్నాడు. అమ్మ ఒకసారి వద్దందట, అది మాత్రం నిజం. దానికి మావయ్య, "బొమ్మే కదేటి, గుంటడు ఏడుస్తున్నాడు, ఇచ్చీ. ఏటైపోద్ది?" అని తనే కుర్చీ వేసుకుని ఎక్కి దింపాడట.

ఏటైపోద్దో చెప్తాను మావయ్యా.

సర్వో అంటే ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే డబ్బా. లోపల చిన్న చిన్న పళ్ళ చక్రాలు నాలుగైదు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. స్విచ్ వేసి ఉన్నంతసేపు అది తన చోటు వదలనంటుంది. అదే దాని పని. ఆ టైంలో టైరు పట్టుకుని చేత్తో మెలితిప్పితే బలమంతా పోయి ఆ పళ్ళ మీద పడుతుంది. టిక్ మంటుంది, అయిపోతుంది. "మెటల్ గేర్లది వేసుకోవలసింది" అని కింద ఎవరూ రాయొద్దు. ఆ సంగతి నాకూ తెలుసు, వచ్చే నెల జీతానికి అనుకున్నాను. అసలు బండి అరలోనే ఉండుంటే వచ్చే నెల దాకా ఆగేది.

పిల్లాణ్ణి ఏమీ అనను. ఆరేళ్ళోడికి ఏం తెలుసు? నా కోపం అరవై ఏళ్ళాయన మీద. పాడైందని తెలిసి కూడా స్విచ్ ఆపకుండా దివాన్ కిందకి తోసేశారు. రాత్రంతా, ఈరోజు పగలంతా ఆ సర్వో గుయ్యిమంటూనే ఉందన్నమాట. బ్యాటరీ లైపో (లిథియం పాలిమర్), రెండు సెల్స్, 7.4 వోల్టులది. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందకి దిగకూడదు. మీటర్ పెట్టి చూస్తే ఒకటి 2.4, ఇంకోటి 2.1. పొట్ట ఉబ్బిపోయింది. అలా ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు, నిప్పంటుకోవచ్చు. ఇప్పుడది వరండాలో ఇసక డబ్బాలో ఉంది.

సాయంత్రం ఫోన్ చేశాను. ఆయన అన్న మాట ఇది: "దానికింత రాద్ధాంతమేట్రా అల్లుడూ? ఏడు రోడ్ల జంక్షన్ కాడ అయిదొందలకి ఇంతకంటే పెద్దది దొరుకుద్ది, కొనిచ్చేస్తాను."

అయిదొందలు! పెద్దది!

మన శ్రీకాకుళంలో ఈ బండి చూసిన ప్రతివాడూ మొదట అడిగేది ఒక్కటే, "ఎంత స్పీడు ఎల్తాది?" ఎల్లదండీ. మనిషి నడిచేంత వేగం కూడా ఉండదు. స్పీడు తగ్గించడానికే కదా నేను మోటర్ పినియన్, అంటే మోటర్ కొసనుండే చిన్న గేరు, మార్చి పళ్ళు తక్కువున్నది వేసింది! వేగం పోతే లాగుడు పెరుగుతుంది. రాయి అంచున చక్రం పెట్టి, రిమోట్ ట్రిగ్గర్ మీద వేలు గోరంత కదిలిస్తే బండి గోరంతే కదలాలి. వేలు తీసేస్తే ఏటవాలులో అక్కడికక్కడే నిలబడిపోవాలి, వెనక్కి జారకూడదు. దానికి మోటర్‌ని నడిపించే స్పీడ్ కంట్రోలర్లో డ్రాగ్ బ్రేక్ అని సెట్టింగ్ ఉంటుంది, అది నూటికి నూరు పెట్టుకున్నాను. టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. ఆ స్పాంజి గట్టిగా ఉంటే టైరు రాయి మీద బంతిలా ఎగురుతుంది, మెత్తగా ఉంటే నలిగిపోయి ముద్దవుతుంది. పాత పరుపు ముక్కలు కత్తెరతో కోసి, పెట్టి, తీసి, మళ్ళీ కోసి, పదకొండోసారికి కుదిరింది. టైరు రాయి అంచుని పిడికిలిలా పట్టుకోవడం కళ్ళతో చూశాను ఆరోజు.

ఇంక ఇత్తడి సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నిట్టనిలువు రాయి ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి, బండి వెల్లకిలా పడుతుంది. ఆపాలంటే బరువు ముందుండాలి, కిందుండాలి. అంటే ముందు చక్రాల లోపలే ఉండాలి. చోటు చూస్తే చాలా కొంచెం. అంత చోటులో అల్యూమినియం పెడితే ఏం ఉపయోగం? ఇత్తడి అదే సైజులో మూడు రెట్లకు పైగా తూగుతుంది. ఆన్‌లైన్లో రేటు చూస్తే బండి కంటే ఎక్కువుంది. అప్పుడు గుర్తొచ్చింది, మన సారవకోట మండలంలోనే బుడితి ఉంది కదా అని. గంటలు, చెంబులు, పూజ సామాన్లు చేసే బుడితి. అదే మన ఇత్తడి పని!

బస్సెక్కి వెళ్ళాను. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని చెంబు అంచు ఆకురాయితో రాస్తున్నాడు. నేను చక్రం చూపించి, కాగితం మీద గీసింది చూపించి, ఏం చెప్పాలో తెలీక తడబడుతున్నాను. ఆయన నవ్వలేదు. బొమ్మా అనలేదు. చక్రం అందుకుని బొటనవేలితో ఓసారి తిప్పి, "బరువు అంచుకి కావాలా, నడిమికి కావాలా బావూ?" అని అడిగాడు.

ఏడు నెలల్లో నన్ను సరైన ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కడే. నాలుగు బిళ్ళలు చేసిచ్చాడు. ముందువి ఒక్కోటి 45 గ్రాములు, వెనకవి 20. త్రాసు మీద పెట్టి, ఒకటి పిసరు ఎక్కువుందని మళ్ళీ ఆకురాయి పట్టాడు. నేను పరవాలేదన్నా వినలేదు. ఆ బిళ్ళలే నిన్న మావయ్య దివాన్ కిందకి తోసింది.

ఫోన్లో ఇంకో మాట కూడా అన్నాడు. "బీటెక్ చేసినోడివి, ఇంకా ఈ బొమ్మలేటి?"

బీటెక్ మాట ఎత్తాడు కాబట్టి ఆ సంగతి కూడా చెప్తాను. నాది మెకానికల్. నాలుగేళ్ళు. "డిఫరెన్షియల్ పనిచేయు విధానాన్ని పటం సాయంతో వివరించుము" అన్న ప్రశ్నకి పేజీన్నర రాసి మార్కులన్నీ తెచ్చుకున్నాను. మలుపులో రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల సెట్టు అది. డిఫరెన్షియల్ మాత్రం చేత్తో పట్టుకోలేదు. మా కాలేజీ ల్యాబ్‌లో లేత్ మిషన్లు ఉండేవి, నీలం టార్పాలిన్ కప్పుకుని. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే తీసేవారు, వెళ్ళగానే కప్పేసేవారు. అరవై మందికి లోపల కనబడేలా కోసి పెట్టిన ఇంజన్ ఒకటి, దానికి తాడు కట్టి "ముట్టుకోరాదు". రికార్డులు సీనియర్లవి చూసి దించాం, సార్లు సంతకం పెట్టారు. ఒకసారి నేను లేత్ హ్యాండిల్ తిప్పి చూశానని ల్యాబ్ బయట నిలబెట్టారు. పాడుచేస్తావన్నారు. నేర్చుకోడానికి ఫీజు కట్టి వచ్చినవాణ్ణి మిషన్ ముట్టుకుంటే తప్పట! అదే మావయ్య మనవడు నా బండి మెలితిప్పితే మాత్రం గుంటడి ఆట!

డిఫరెన్షియల్ నాకు ఎక్కడ అర్థమైందో తెలుసా? ఈ బండి ఇరుసు విప్పినప్పుడు. ఒక చక్రం గాల్లో లేస్తే తిరుగుడంతా దానికే పోయి, నేల మీదున్న చక్రం కదలకుండా నిలబడిపోతుంది. వంట గది గట్టు మీద, నా రెండు వేళ్ళ మధ్య అది తిరుగుతుంటే, పేజీన్నర జవాబు ఆరోజు మొదటిసారి కళ్ళకి కనబడింది. ఆ గేర్ల మధ్య ఎమ్‌సీల్ కూరి గట్టిపడనిచ్చాను. ఇప్పుడు రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. మలుపు తీసుకోడానికి చోటు ఎక్కువ కావాలి నిజమే, కానీ మూడు చక్రాల మీదైనా రాయి ఎక్కేస్తుంది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళకే తెలియాల్సింది. ఆ పదేళ్ళు నాకెవరిస్తారు?

చేత్తో చేసే పనంటే మనవాళ్ళకి ఎందుకింత చులకన? కొంటే గొప్ప. చేస్తే ఆట. బుడితి పెద్దాయన్ని కూడా "ఇత్తడి సామాన్లోడు" అనే అంటారు, ఆ చేతి లెక్క నాకు చదువు చెప్పిన ఒక్క సారుకీ లేదు.

వచ్చే ఆదివారం ముగ్గురం టెక్కలి వెళ్దామనుకున్నాం. అక్కడ గ్రానైట్ కోసి పారేసిన రాళ్ళ గుట్టలు తెలుసుగా, నీలం చాయ రాయి, ఒకవైపు రంపం కోసిన నునుపు, ఇంకోవైపు విరిగిన గరుకు. పోయిన నెల నడుమెత్తు రాయి ఒకటి ఎక్కలేక మూడుసార్లు వెల్లకిలా పడింది నా బండి. అప్పటికి ఈ బిళ్ళలు లేవు. ఈసారి ఎక్కుతుంది, నాకు నమ్మకం.

సర్వో ఆర్డర్ పెట్టాను, మెటల్ గేర్లదే. బ్యాటరీ కూడా. ఆదివారానికి రావు. మిగతా ఇద్దరికీ రావట్లేదని చెప్పేశాను. మావయ్య పంపుతానన్న అయిదొందలు వద్దన్నాను. అమ్మ నా మీద అలిగి అన్నం తినకుండా పడుకుంది.