అన్నిటికీ ‘మధ్యరకం’ అని రాసే నిఘంటువుల మీద నా కోపం

నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి వేరే ఉద్యోగానికి సిఫార్సు లేఖ అడిగింది. పనితనం గురించి మనస్ఫూర్తిగా రాశాను. ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి నిజమే చెప్పాలనుకున్నాను. రాదనీ కాదు, అనర్గళమనీ కాదు, మధ్యలో ఉంది. నిఘంటువులో ‘మధ్యరకం’ అని కనిపిస్తే ‘మీడియోకర్’ అని రాసేశాను. పంపేముందు తనే చదివి, "అంత నాసిగా ఉందా సార్ నా ఇంగ్లిష్?" అంది. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

మీడియోకర్‌కి లాటిన్‌లో మూలార్థం కొండ సగం ఎక్కినంత ఎత్తు. పాపం, అందులో తిట్టేమీ లేదు. ఇవాళ మాత్రం ఆ మాట వెనక ‘ఇంతేనా’ అనే పెదవి విరుపు ఉంటుంది. నేను రాయాల్సింది ‘ఇంటర్మీడియట్’. అది మెట్ల మాట. కింది మెట్టు దాటారు, పైది ఇంకా ఉంది అని చెబుతుంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఆరు భాషా స్థాయిల్లో నడిమి రెండింటినీ, అంటే బీ1, బీ2లను, చాలామంది పిలిచేది ఆ పేరుతోనే.

నిఘంటువు అదే ‘మధ్యరకం’ అని అర్థమిచ్చే మీడియం, మోడరేట్‌ల గొడవ వేరు. చిన్నది, పెద్దది ఉంటేనే మీడియం ఉంటుంది, చొక్కా సైజులాగా. మోడరేట్ తీవ్రతకి వాడతాం. నొప్పి, గాలి, వ్యాయామం. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల మోడరేట్ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మాట్లాడగలం కానీ పాట పాడలేం, అంత ఆయాసం అన్నమాట. అక్కడ మీడియం అతకదు. పొయ్యి మంటకి మాత్రం రెండూ నడుస్తాయి, అందుకే ఇంత తికమక.

నాకు అసలు బాధ యావరేజ్‌తో. పూర్వం సముద్ర వ్యాపారంలో సరుకు పాడైతే ఆ నష్టాన్ని వర్తకులంతా పంచుకునేవాళ్లు. ఆ పంపకం నుంచి వచ్చిన మాట ఇది. అంటే అది ఒక లెక్క. పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి 40 చొప్పున, ఒక్కడికి 90 వచ్చాయనుకోండి. సగటు 45. తొమ్మిదిమందీ ‘బిలో యావరేజ్’ అయిపోయారు! వరసలో నడిమి మార్కు చూస్తే 40, దాన్ని మీడియన్ అంటారు. ఒక్కడి మార్కులు పెరిగినందుకు తొమ్మిదిమంది పిల్లల మీద ముద్ర వేయడం అన్యాయం కాదా? ‘యావరేజ్ స్టూడెంట్’ అని పిల్లాడి ముందే అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఫెయిర్‌తోనూ జాగ్రత్త. పూర్, ఫెయిర్, గుడ్ అని ఉన్న ఫారంలో అది గుడ్‌కి కింద మెట్టు. మెచ్చుకున్నాననుకుని టిక్ పెట్టకండి.

ఆ లేఖలో చివరికి ఇంటర్మీడియట్ అని కూడా రాయలేదు. "మీటింగుల్లో తన పని తానే స్పష్టంగా వివరిస్తుంది, పెద్ద మెయిల్ రాసినప్పుడు ఎవరైనా ఒకసారి చూస్తే చాలు" అని రాశాను. తను రెండుసార్లు చదువుకుని, "ఇది నిజమే సార్" అంది.