షేవింగ్ క్రీముకు మార్కులు ముక్కు వేస్తే ఎలా?

ఏ షేవింగ్ క్రీము గురించి అడిగినా ముందు వాసన గురించే చెబుతారు. గంధం సూపర్, నిమ్మ ఘుమఘుమ, లావెండర్ అదిరింది. మరి గడ్డం ఎలా తెగింది అంటే "బాగానే ఉంది" అని తేల్చేస్తారు. బ్రష్షు, డబుల్ ఎడ్జ్ రేజరు (రెండంచుల బ్లేడు బిగించే పాతకాలపు రేజరు) పట్టుకుని శ్రద్ధగా గీసుకునేవాళ్లు కూడా ఇలాగే మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కాసేపట్లో కడిగేసుకునే సబ్బు అది, అత్తరు కాదు.

నేను వాడేది ఇటలీ వాళ్ల ప్రొరాసో, ఆకుపచ్చ ట్యూబు. ఫ్లోరెన్స్‌లో 1908లో మొదలైన మార్టెల్లీ కుటుంబ కంపెనీది. యూకలిప్టస్ నూనె, మెంథాల్ కలిపినది కాబట్టి మూత తీయగానే నీలగిరి తైలం గుప్పుమంటుంది. నాకు ఆ వాసన ఇష్టమే. కానీ దాని కోసం ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయను.

నేను చూసేది ఇది. బాదం గింజంత క్రీము గిన్నెలో వేసి, నీళ్లు పిండేసిన బ్రష్షుతో తిప్పడం మొదలుపెడతాను. ముందు బుడగలు పెద్దపెద్దవిగా లేస్తాయి. చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ తిప్పుతుంటే బుడగలు కనబడకుండా పోయి, నురగ గడ్డపెరుగులా నిగనిగలాడుతుంది. అక్కడ ఆగాలి. అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతే. బ్లేడు నడిచి నురగ పోయిన చోట తడి వేలు పెట్టి చూడండి. ఇంకా జారుతోందంటే అది మంచి క్రీము. వేలు పట్టేసిందంటే, అక్కడే మళ్లీ బ్లేడు పెడితే చర్మం గీసుకుపోతుంది. చివర్లో పటిక రుద్దితే ఎక్కడెక్కడ గీసుకుపోయిందో చురుక్కుమని చెప్పేస్తుంది. గంధం పేరుతో ఖరీదుగా అమ్మే ఒక క్రీము వాడినప్పుడు వాసన అద్భుతం, పటిక పెడితే మెడంతా మంట!

నీళ్ల సంగతి అయితే రివ్యూల్లో ఎవరూ రాయరు, నా పెద్ద ఫిర్యాదు అదే. ఈ క్రీములు స్టియరిక్ ఆమ్లం, కొబ్బరి నూనె లాంటి కొవ్వులను పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో కలిపి చేసిన మెత్తటి సబ్బు. కొబ్బరి వల్ల నురగ త్వరగా లేస్తుంది, స్టియరిక్ వల్ల నిలబడుతుంది. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బును పట్టుకుని తెట్టు కట్టేస్తాయి. హైదరాబాద్‌లో బోరు మీద బతికే అపార్ట్‌మెంట్లో పనికిరాదనిపించిన క్రీమే ఆర్‌వో నీళ్లతో చక్కగా నురగ కడుతుంది. తప్పు క్రీముది కాదు.

వాసనకు ఇంకో వైపు కూడా ఉంది. లిమొనీన్, లినలూల్ లాంటి సుగంధ పదార్థాలు కొందరి చర్మానికి పడవు. అందుకే కడిగేసే ఉత్పత్తుల్లో ఇవి 0.01 శాతం దాటితే లేబుల్ మీద పేరు రాయాలని యూరప్‌లో నిబంధన ఉంది. మెంథాల్ చల్లదనం కూడా చర్మం నిజంగా చల్లబడటం కాదు, చలిని పసిగట్టే నరాలను అది తట్టిలేపుతుందంతే. మే నెలలో హాయిగా ఉంటుంది, డిసెంబరు పొద్దున నాకే వద్దనిపిస్తుంది. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోండి.

దయచేసి రివ్యూ రాసేటప్పుడు ఏ నీళ్లు, ఏ బ్లేడు, రెండోసారి గీసినప్పుడు జారిందా లేదా, పటిక ఎక్కడ మండింది, ఇవి రాయండి. వాసనకు ఆఖర్లో ఒక్క లైను చాలు.