ఓవరీ గడ్డకు పొట్టంతా సీటీ ఎందుకంటే

వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. కావలి ఫ్రెండ్స్ గ్రూపులో రెండుసార్లు, ఊళ్ళో వాళ్ళ గ్రూపులో ఒకసారి, నిన్న రాత్రి ఒంగోలు నుంచి మా వదిన. "ఓవరీలో గడ్డ అనగానే పొట్టంతా సీటీ తీయిస్తారు, అది డబ్బు గుంజడానికే. ఒక్క సీటీ 500 ఎక్స్‌రేలతో సమానం. గడ్డ తీసేయించుకుంటే చాలు. సీటీ తప్పకపోతే తర్వాత రెండు కొబ్బరిబోండాలు తాగండి, రేడియేషన్ దిగిపోతుంది" అని.

కొబ్బరిబోండాల మాట అబద్ధం. మిషన్ ఆగగానే ఎక్స్‌రేలూ ఆగిపోతాయి, ఒంట్లోంచి దిగడానికి ఏమీ మిగలదు.

500 లెక్కను కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నా. కానీ అది పూర్తిగా తప్పు కాదు. పొట్ట సీటీకి సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే వందల రెట్లే. అయితే ఛాతీ ఎక్స్‌రేకి పడేదే అతి కొంచెం. ఏ స్కానూ ఎరగని మనిషికి కూడా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మూడు నాలుగేళ్ళలో ఒక పొట్ట సీటీ అంత పడుతుంది. ఏ బాధా లేనివాళ్ళు ప్యాకేజీ అని ఏటా సీటీ తీయించుకోవద్దని నేనూ చెప్తాను. గడ్డ కనపడ్డ మనిషి సంగతి వేరు.

"గడ్డ తీసేయించుకుంటే చాలు" అన్న మాటకే నా కోపమంతా. ఓవరీలో కనపడ్డ గడ్డ అక్కడే పుట్టి ఉండాలని ఎక్కడుంది? జీర్ణాశయంలో, పెద్దపేగులో, అపెండిక్సులో మొదలైన క్యాన్సర్ ఓవరీలకు పాకుతుంది, చాలాసార్లు రెండు వైపులా. 1896లో ఇలాంటి గడ్డల గురించి రాసిన జర్మన్ డాక్టర్ క్రూకెన్‌బర్గ్ కూడా అవి ఓవరీలో పుట్టినవే అనుకున్నాడు. అది పొరపాటని 1902కే తేలింది. ఆ పొరపాటునే ఇప్పుడు ఫోన్లలో పంచుతున్నారు.

మా పిన్నమ్మకు రెండు నెలలు కడుపుబ్బరం. గ్యాస్ అని మాత్రలు మింగింది. అల్ట్రాసౌండ్‌లో రెండు ఓవరీల్లోనూ గడ్డలు కనపడ్డాయి, ఆపరేషన్‌కు డేటు కూడా ఇచ్చారు. దానికి ముందు నెల్లూరులో సీటీ. పరగడుపున కూర్చోబెట్టి, సీసా తర్వాత సీసా నీళ్ళు తాగించారు. సూదిమందు ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడి పాకి, బట్టలు తడిపేసుకున్నానేమోనని హడలిపోయిందట. రిపోర్టులో ఓవరీల కంటే ముందు రాసింది జీర్ణాశయం గోడ మందంగా ఉందని. ఎండోస్కోపీలో ముక్క తీసి చూస్తే క్యాన్సర్ మొదలైంది అక్కడే. ఆపరేషన్ ఆపి కీమో మొదలుపెట్టారు. ఓవరీలు మాత్రమే తీయించి పిన్నమ్మను ఇంటికి తెచ్చుకుని ఉంటే అసలుది లోపలే ఉండిపోయేది. ఆ మెసేజ్ రాసినాయన ఏ పేషెంటు మంచం పక్కన కూర్చుని రాశాడో చెప్పమనండి.

సీటీ ఒక్కటే అన్నీ తేల్చేయదు, అదీ చెప్పాలి. జీర్ణాశయంలో చిన్న క్యాన్సర్ పుండు దానికి దొరక్కపోవచ్చు. పొట్టలో టీబీ వచ్చినా నీరు చేరి అచ్చం క్యాన్సర్‌లాగే కనపడొచ్చు, ఓవరీ క్యాన్సర్ అనుమానంతో రక్తంలో చూసే సీఏ 125 కూడా పెరగొచ్చు. ముక్క పరీక్ష చేస్తేనే తేలుతుంది.

వదినా, ఉగాది నుంచీ కడుపు ఉబ్బరంగానే ఉందని మొన్న ఫోన్లో అన్నావు. ఆ మెసేజ్ తీసేసి, ఈ సోమవారమే వెళ్ళి ముందు అల్ట్రాసౌండ్ తీయించుకో. తోడు కావాలంటే నేనొస్తా.